బొగ్గు పిల్ల

శివరాత్రి దాటినంక మా శేన్లల్ల
పత్తి కట్టెకు అగ్గి పెట్టుడే తెలుసు.
ఒక్క పూటల ఎకరం బూడిద,
మొగులు మీద మాసిన గొంగడి.
ఈ ఏడు పెట్టలే.

శాయంపేట ఎర్రచెల్కల ఇనుప గోలెం దించిన్రు,
పైన వెడల్పు, అడుగున ఇరుకు.
కట్టె పొర మీద పొర ఏసుకుంట పోవాలె.
మంట మీదనే ఆడాలె, కిందికి గాలి పోవద్దు.
బూడిద తెల్లగ తొంగి చూసిందంటె
ఇంకో పొర.
అది నేర్సుకునేసరికి
మూడు గోలేలు పాడైనయి, ఒక కొంగు కాలింది.

మా నాయిన ఓదెలు
భూపాలపల్లి బాయిల ముప్పై ఒక్క ఏండ్లు
తట్టా చెమ్మాసు పట్టినోడు.
గెట్టు మీద కూసోని అంతా చూసిండు.
నీళ్లు గుమ్మరిస్తె గోలెం బుస్సుమన్నది.
ఆవిరి దిగినంక ఒక ముక్క తీసి
చెవి కాడ పెట్టుకోని ఇరిసిండు.
గాజు పలిగిన సప్పుడు.
"ఇది బొగ్గు కాదు బిడ్డా,
బొగ్గు పిల్ల.
ఇంకా పాలు మరువలే."

ఆయన లోపట్నుంచి పైకి పంపింది
చెల్పూరు పొగగొట్టం ఎక్కి
ఏ మొగులుల కలిసిందో ఎవలు రాసిన్రు?
నేను
పత్తి చెట్టు తాగిన గాలిని
కట్టెలనే పట్టి, నల్లగ చేసి,
పెండల, బర్రె ఉచ్చల నానబెట్టి
మళ్ల లోపటికి పంపుతున్న.

హన్మకొండ నుంచి అజ్మత్ వస్తడు.
గోలెంకు నాలుగు ఫోటోలు:
మంటకొకటి, నీళ్లకొకటి, కాంటకొకటి, నాకొకటి.
"జరుగక్కా, బొగ్గు కనబడాలె" అంటడు.
ఫోన్ల ఒక గడి ఉన్నది,
భూమిల ఎన్నేండ్లుంటదని.
మనం చెప్పే పనే లేదు,
అదే నింపుకుంటది: నూరు.

నాకు ఈ చెల్క కౌలు
వచ్చే ఉగాది దాకనే.

నాయినకు నవ్వొచ్చి దగ్గొచ్చింది.
"నేను తోడింది ఎన్ని లక్షల ఏండ్లదో పిలగా,
దానికి గడి ఉన్నదా అండ్ల?"
అజ్మత్ నిజంగనే ఎతికిండు పాపం,
ఏలుతోటి పైకీ కిందికీ జరుపుకుంట.

చెల్పూరు దిక్కు పొగ లేస్తనే ఉన్నది.
నా పదకొండు గోలేలు
దాని ఒక్క దమ్ముకు సరిపోవని
నాకు ఎరికే.
ఎర్రమట్టిల నల్లది కలిసి
తొలకరికి తేమ పట్టి, మొలక మంచిగొస్తె
ఆసామి కౌలు పెంచుతడనీ ఎరికే.
పెంచితె, ఖాళీ చెయ్యమంటె,
మట్టిలకెల్లి నా బొగ్గు ఎట్ల ఏరుకోవాలె?

పొద్దుగూకింది. కాంట మలిసిన్రు.
నాయిన ఒక ముక్క అంగీ జేబుల ఏసుకున్నడు.
బాయి గేటు కాడ రోజూ జేబులు తడిమేటోళ్లట,
ముప్పై ఒక్క ఏండ్లు.
ఇయ్యాల గెట్టు దాటంగ
ఒకసారి ఆగి, ఎనుకకు చూసిండు.
ఎవలూ లేరు.