పుట్టి లెక్క

వంతెన కూలినప్పుడల్లా
మా ఇంట్ల కూర ఉడికింది.
ఈ మాట బయట అనద్దని
అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొనే చెప్పేది.

మానేటి మీద మొదటి వంతెన కట్టేనాడు
మా ముత్తాత పోశెట్టి
ఎవలు పిలువకున్నా పొద్దుగాలనే పోయి
ఇసుకల గొంతుక్కూసొని చూసేటోడట.
గానుగల సున్నం నలుగుతుంటే
బెల్లం వాసన, కరక్కాయ వాసన
ఒడ్డు పొడుగునా.
ఎద్దు ఒక్క సుట్టు తిరిగితే
తన పుట్టికి ఒక్క బేరం తగ్గినట్టు
వేళ్ల మీద లెక్క పెట్టేటోడట.
పదకొండో కమాను మూసిన దినం
గఫార్ మేస్త్రీ అందరికీ బెల్లం పంచిండు.
పోశెట్టి చెయ్యి చాపి తీసుకున్నడు,
తినలేదు.
తెచ్చి పుట్టిల పెట్టిండు, చీమలకు.

ఆ పుట్టి బోర్లబడ్డది.
ఇంటెనుక కోళ్ల గూడయింది.
ముప్పై ఏండ్లు
పైనుంచి బండ్లు పోయినయి, బారాత్‌లు పోయినయి,
సిరిసిల్ల చీరల మూటలు పోయినయి.
మావోళ్లు వలతోటీ అప్పుతోటీ ఎళ్లదీసిన్రు.

భాద్రపదంల ఒక రాత్రి
ఎగువ చెరువులన్నీ ఒక్కటై వచ్చినయి.
నాలుగో కమాను, దాని ఎనుక ఐదోది.
"కూలినట్టు కాదే, అలిసి కూసున్నట్టు" అనేది అవ్వ.
తాత రాజవీరు కోళ్లను ఎల్లగొట్టి
పుట్టికి గోనె చుట్టి, తారు పూసి
దీపం లేకుంటనే నీళ్లల్లకు దిగిండు.
ఆ రాత్రి దాటించినోళ్ల దగ్గర పైస ముట్టలే.
తెల్లారినంక దాటినోళ్ల దగ్గర
పైస ఇడువలే.
మనిషికి అణా, మేకకు అర్ధణా,
మగ్గం సామానుకు నోటికొచ్చినంత.
మా నాయిన బడి మొఖం చూసింది ఆ పైసలతోనే.
మా ఇంటి మీద పెంకులు
రెండు కమాన్ల ఖరీదు.

మళ్ల కట్టిన్రు, సిమెంటుతోటి.
పాత రాయికి ఇది అతకదని
గఫార్ కొడుకు మొత్తుకుంటే
ఇంజనీరు కాయిదం చూపించిండట.
అతికింది,
తొమ్మిదేండ్లు.
తర్వాత ఇసుక బస్తాల బాట, తర్వాత తూముల బాట.
వానకాలం కొట్టుకపోవుడు, ఎండకాలం బిల్లు పాసవుడు.
"దీనికన్న నేనే నయం,
మునిగినా నాకు బిల్లు రాదు"
అని నాయిన తెడ్డు ఆనిచ్చుకొని నవ్వేటోడు.

ఇప్పుడు ఇంకో వంతెన.
మస్టర్ల నా పేరున్నది: గంగజల, క్యూరింగు పని.
పొద్దున రెండు మాట్ల, మాపున రెండు మాట్ల
దిమ్మెలకు చుట్టిన గోనెపట్టలు తడుపుత.
పచ్చి కాంక్రీటు బాలింత లెక్క,
దూప ఆపద్దు అంటది సారక్క.
గోనె వాసనకు నాకు తాత యాదికొస్తడు.
ఎవల పొట్ట కొట్టెదానికి
ఎవలు నీళ్లు పోస్తున్నరో
బిందె ఎత్తినప్పుడు అడుగుత,
దించినంక మరుస్త.

పునాది తవ్వంగ పాత కమాను రాయి బయటపడ్డది.
అంచుకు సున్నం ఇంక ఊడలేదు.
ఆ సున్నంల నాలుగు వేళ్ల అచ్చు.
నా వేళ్లు పెట్టి చూసిన, పట్టలే.
నాకన్న చిన్న చెయ్యి.
ఏ తల్లి కన్న పిల్లనో,
గమేళా మోసుకుంట జారబోయి
ఆ పూట అక్కడ పట్టుకున్నది.
బెల్లం పంచిన్నాడు
ఆ చేతిల పెట్టిన్రో లేదో.
పోశెట్టి ఈ సంగతి చెప్పలే. ఆయన ఎద్దునే చూసిండు.

మొన్న గేట్లెత్తిన్రు, నీళ్లొచ్చినయి.
నడుమ దిమ్మె కాడికి బాట మునిగింది.
ఇంజనీరు పిల్లగాడు, మీసాలు ఇంకా మొలకలే,
హెల్మెటు సంకల పెట్టుకొని
మా వాకిట్లకొచ్చి నిలవడ్డడు.
"అవ్వా, మీకాడ పుట్టి ఉన్నదట గదా?"

ఉన్నది బిడ్డా.
కోళ్లను ఎల్లగొట్టాలె, జరసేపు కూసో.
పోయినందుకు ఇరవై, వచ్చినందుకు ఇరవై.
నీ దిమ్మెకు నీళ్లు పోసేది మాత్రం
ఎప్పటిలెక్కనే
మస్టర్ల రాయి.