జీడిబద్ద

కాశీబుగ్గ దాటాక, జీడిబట్టీల వెనక సందులో
అంగన్‌వాడీ.
గోడ మీద అ అంటే అమ్మ, సగం పెచ్చు లేచిపోయి.
పన్నెండు బుల్లి కుర్చీలు, పదిహేడుమంది పిల్లలు,
గాలి నిండా కాలిన జీడితొక్క వాసన.

నా సంచిలో ఒక కెమెరా.
మీటరు దూరంలో మోకాళ్ళ మీద కూర్చుని
మీట నొక్కితే పిట్టలా కూస్తుంది.
పిట్ట ఎక్కడా అని పిల్లలు చూస్తారు.
ఆ ఒక్క చూపు చాలు నాకు.

పదహారుమందికి రెండు పాపల్లోనూ
ఒకేలా, పొద్దుపొడుపు ఎరుపు.
యోషితకి మాత్రం
కుడి పాపలో పొద్దు,
ఎడమ పాప అంచున తెల్లటి నెలవంక.

మళ్ళీ తీశాను. మళ్ళీ నెలవంకే.

అరచేత్తో ఎడం కన్ను మూశాను:
గోడ మీది ఏనుగుని చూపించి నవ్వింది.
కుడి కన్ను మూశాను:
నా చెయ్యి తోసేసింది.
ఇంకోసారి మూశాను. కొరికింది.

"పెంకిది" అన్నారు సుగుణ టీచరు.
కాదు టీచరు గారూ,
దీపం ఆర్పేస్తే ఎవరు ఊరుకుంటారు?

సాయంత్రం బట్టీ దగ్గర
పుణ్యవతి పిక్కలు కొడుతోంది,
వేళ్ళ కొసలు జీడిరసానికి నల్లబడి, తోలు లేచి.
చెప్పాను. చేతిలో కర్ర ఆగలేదు.
"దాని కళ్ళకేటమ్మా? మెల్ల కూడా నేదు.
మబ్బులో ఇమానం అందరికన్నా ముందు అదే సూస్తాది."
కుడి కంటితో చూస్తోంది, అన్నాను.
ఎడమదాన్ని సోమరి కన్ను అంటారు.

కర్ర ఆగింది.
"సోమరా?
మాయింట్లో సోమరోలు ఎవులూ నేరమ్మా.
మాయత్త ఈ వయసులో బస్తా మోస్తాది."

తల దించుకున్నాను.
ఆ పేరు పెట్టినవాడెవడో
ఏ బట్టీలోనూ పని చేసి ఉండడు.

చుట్టూ చూసి, మళ్ళీ మొదలుపెట్టాను:
ఇద్దరు పొద్దుటి నుంచి పిక్కలు కొడతారనుకో.
మేస్త్రీ ఒకదాని బుట్టే తూస్తాడు,
ఒకదాని లెక్కే రాస్తాడు.
రెండోదాని పప్పు బాలేదని పక్కకి నెట్టేస్తాడు.
ఎన్నాళ్ళు తెస్తుంది ఆ రెండోది?
తెచ్చి తెచ్చి, ఒకనాడు
బుట్టతో సహా గుమ్మం దగ్గరే కూలబడుతుంది.
దాన్నే సోమరి అంటున్నాం.

ఇద్దరు ముగ్గురు నవ్వారు.
తూకం దగ్గర మేస్త్రీ నవ్వలేదు.
"ఏటి సెయ్యాల మరి?" అంది పుణ్యవతి.

ముందు పెద్దాసుపత్రి. అద్దాలు.
చాలకపోతే, రోజూ కొన్ని గంటలు
బాగున్న కన్నుకి సెలవు.
రెండోదాని బుట్టే తూచాలి, మసకైనా సరే.
ఏడుస్తుంది. పట్టీ పీకి పారేస్తుంది.
ఇప్పుడైతే లోపలి మేస్త్రీ మాట వింటాడు.
పెద్దయ్యాక వినడం కష్టం.

నీకెలా తెలుసని ఎవరూ అడగలేదు.
ఇరవై రెండో ఏట, విజయనగరంలో
కానిస్టేబులు సెలక్షను.
పరుగు పాసు, లాంగ్‌జంపు పాసు.
అక్షరాల బోర్డు ముందు ఎడం కంటికి అట్టముక్క పెట్టగానే
అక్షరాలు లేవు. బోర్డూ లేదు.
"కనబడకపోతే ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాడాయన.
చెప్పాలంటే
ఇంకోలా ఉంటుందని తెలియాలి కదా.

కార్తీకం వెళ్ళాక మళ్ళీ ఆ సందుకి వెళ్ళాను.
యోషిత ముక్కు మీద గులాబి అద్దాలు,
కుడి కంటికి పట్టీ,
పట్టీ మీద ఎవరో పెన్నుతో గీసిన ఏనుగు.
నన్ను చూసి మూతి ముడిచింది.
కొరికింది తనే, కోపమూ తనకే.

నానమ్మ చాటలో పప్పు పోసి ఏరమంటోంది:
గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు, ముక్క ఒకవైపు.
ముక్కు ఆనేంత వంగి
ముక్కని తీసి గుండులో పడేస్తోంది,
తీసి మళ్ళీ తడిమి చూస్తోంది.
ఒక బద్ద దొరికింది. పిడికిట్లో దాచుకుని
దాని జోడు కోసం చాటంతా వెతికింది.
ఇది కావచ్చు, అని అతికించి చూసింది.

అతకలేదు.
పక్కన పెట్టి
ఇంకోటి తీసింది.