చేబదులు

ఒడిబియ్యం పండుగ నిన్ననే అయిపోయింది.
టెంటోళ్ళు గుంజలు పీక్కపోయిన్రు.
మిగిలిన బువ్వ పెంట కాడ కుమ్మరిస్తే
పలుపు తెంపుకున్న ఈదమ్మ బర్రె
గంపెడు మెతుకులు గబగబ మింగింది.

రాత్రి పదకొండింటికి ఫోను.
"సారూ, నీళ్ళ బిందె లెక్క అయింది దాని కడుపు."
నేను సారును కాదు, గోపాలమిత్రను.
నాంపల్లి దిక్కు పదకొండు ఊర్లకు
ఒక బండి, ఒక సంచి, ఒక టార్చిలైటు.

ఎడమ డొక్క గుంటల పిడికిలి ఆనించి నిలబడ్డ.
పానం బాగున్న బర్రెకు రెండు నిమిషాలల్ల మూడు మాట్లు
లోపలి నుంచి పిడికిలిని నెట్టుకొస్తది ఒక అల,
దూరాన ఉరిమినట్టు.
గడియారం చూసుకుంట నిలబడ్డ. ఐదు నిమిషాలాయె.
ఉరుము లేదు.
డొక్క కుదిపితే లోపల నీళ్ళు బుడబుడ.

ఈదమ్మా, నీకెట్ల చెప్పాలె.
గడ్డి తినేది బర్రె కాదు.
దాని పెద్దకడుపుల ఒక ఊరుంది,
చీకటి ఊరు, గాలి సొరని ఊరు.
కంటికి ఆనని జీవాలు కోట్లకు కోట్లు
వరిగడ్డిని, జొన్నచొప్పను పులియబెట్టి
ఆ పులుపును గోడలకిస్తయి.
గోడల నిండ తువ్వాల నూగు లెక్క సన్నటి వేళ్ళు.
అవి పీల్చుకుంటేనే నీ చెంబుల పాలు,
పాల మీద మీగడ.
కడకు ఆ జీవాలనే అరిగించుకొని
బర్రె కండ చేసుకుంటది.
నువ్వు బర్రెను కాస్తున్నవు,
బర్రె ఇంకో మందను కాస్తున్నది.

చొప్పకు దినమంత పట్టే పని
బువ్వకు ఒక్క పూట చాలు.
పులుపు మీద పులుపు ఎక్కి
మందకు మందే సచ్చింది.
నెత్తుర్ల నీళ్ళన్ని కడుపు గుంజుకుంటే
కండ్లు లోపలికి పోయినయి, ముట్టె ఎండింది.

తినేసోడా కలిపి తాపిన.
అది పులుపునైతే ఇరుస్తది గని
సచ్చిన ఊర్లె మల్ల జనం గావాలె.
"నెమరేసే బర్రె ఎవరికుంది దగ్గర్ల?"
ఈదమ్మ మాట్లాడలే.
నాకెరుకే. గోడవతల మల్సూరుకుంది.
రెండు సాళ్ళ గెట్టు మీద ఆరేండ్ల సంది
ఆ ఇంటి నిప్పు ఈ ఇంటి పొయ్యికి రాదు.

నేనే పోయిన. మల్సూరు మంచంల లేసి కూసొని
అంత ఇని, బీడీ పారేసి
మాట లేకుంట దొడ్డి తడిక తీసిండు.
వాని బర్రె పండుకొని, కండ్లు సగం మూసి
దవడ పక్కకు జరుపుతున్నది.
గొంతుల ఉండ పైకెక్కుడు టార్చి ఎలుగుల కనబడ్డది.
వాడే నోట్లె చెయ్యి పెట్టిండు.
బొక్కలు గిడసబారిన చెయ్యి, మా నీళ్ళు తాగిన చెయ్యి.
బర్రె పండ్ల మీద గూడ అవే గోధుమ మచ్చలు.
ఉండ తీసి సత్తు గిన్నెల ఏసిండు. మల్లొకటి. మల్లొకటి.
పచ్చగ, ఎచ్చగ, ఆవిరి.

"గాలి తగిలితే సస్తయి, జల్ది" అన్న.
ఈదమ్మ ఎప్పుడొచ్చిందో తడిక కాడ నిలబడ్డది.
గిన్నె అందుకొని కొంగు మూత పెట్టింది.
ఇచ్చిన, తీస్కున్న అన్న మాట గూడ లేదు.

గోరెచ్చని నీళ్ళల్ల పిసికి, గుడ్డల వడగట్టి
గొట్టంతోని లోపలికి దించిన.
తెల్లారగట్ల నాలుగున్నరకు
పిడికిలి కింద ఏదో మెదిలింది.
అల అని చెప్పలేను.
నిద్రల పిల్లగాడు దుప్పట్ల కాలు జాడించినంత.
ఐదు నిమిషాలకు ఇంకోటి.

గెట్టురాయి జరిగిందా అని నన్నడగకున్రి.
మూడో నాటికి బర్రె చొప్ప ముట్టిందని మాత్రం ఎరుక.

ఆ పొద్దు ఇంటికొచ్చి మూడు మాట్లు సబ్బు పెట్టినా
చేతికి అదే వాసన,
పులిసిన గడ్డి, మల్సూరు దొడ్డి.
ఈదమ్మ కొంగు గూడ గట్లనే వాసనొస్తుండొచ్చు.
ఆ చేత్తోనే జొన్నరొట్టె తుంచిన.
నమిలిన. శానసేపు నమిలిన.