ఏడో గడి

తాలూకా ఆఫీసు వరండాలో నాది మూడో బల్ల.
అర్జీకి రూపాయి. సిరా నాదే.
ఆ ఏడాది పింఛను దరఖాస్తులొచ్చాయి,
దేశం కోసం కొట్లాడినవాళ్ళకి.
చెమ్మపట్టిన జైలు కాయితాలు,
లాఠీ మచ్చ చూపించడానికి
కండువా తీసేసిన పెద్దమనుషులు.
అన్నీ రాశాను. కొన్ని కల్పించాను కూడా.

గెడ్డం యోబు వచ్చింది ముసురు రోజుల్లో,
ఊడిమూడిలంక నుంచి, పంటు మీద రేవు దాటి.
గొడుగు నా కాయితాల మీద కారకుండా
బయట గోడకి ఆనించి మరీ లోపలికొచ్చాడు.
చొక్కాకి మెడ దాకా బొత్తాలు.

పేరు రాశాను. తండ్రి పేరు రాశాను.
ఏడో గడి: పాల్గొన్న పోరాటం.

"స్వాతంత్ర్య పోరాటమేనండి, ఆయ్.
కాకపోతే మనది కాదండి, ఆళ్ళది.
నేను అవతలి పక్కనున్నానండి."

ఆ గడి వెడల్పు రెండంగుళాలు.

అప్పటికి పెద్ద యుద్ధం అయిపోయింది.
ఇంటికే అనుకుని బూట్లకి పాలిష్ పెట్టుకున్నారట.
ఓడ ఇటు తిరగలేదు.
జావా అన్నారు, సురబాయ అన్నారు,
జపానోళ్ళ తుపాకులు పోగెయ్యాలి,
చెరలో ఉన్న దొరసానుల్ని ఓడెక్కించాలి, అంతేనన్నారు.
వెనక ఓడలో డచ్చి దొరలు
పాత కుర్చీల కోసం వస్తున్నారని
ఎవరూ అనలేదు.

లారీ తోలుతూ చూశాడు:
కాలవ. కాలవ మీద లాకు. లాకు పక్కన కొబ్బరి.
మోకాలి లోతు బురదలో ఊడ్పుల ఆడవాళ్ళు.
"గన్నవరం అక్విడెక్టు దిగి
మా లంక దారి పట్టాననుకున్నానండి, ఒక్క రెప్పపాటు."

అక్కడి ఆనకట్టా దొరలే కట్టారట.
నీళ్ళు ముందు చెరక్కి, మిగిల్తే వరికి.
చెరకు మిల్లుకి, మిల్లు డచ్చోడికి,
పిప్పి పండించినోడికి.
"ఎందుకు తిరగబడ్డారని నన్నడిగితే ఏం చెప్తానండి.
మా అయ్యకీ కాలవొచ్చింది గాని చేను రాలేదు.
ఇంకోళ్ళ చేలోనే ముసలాడైపోయాడు.
నేను పటాలంలో చేరింది కూటికండి."

గోడల నిండా రాతలు.
చదువొచ్చిన మరాఠా నాయక్ ఒకడు చదివి చెప్పాడు:
మీరూ బానిసలే కదా, మమ్మల్నెందుకు కాలుస్తారు?
ఆ గోడ దాటాక కూడా
లారీలో ఎవరూ బీడీ వెలిగించలేదు.

ఒక రాత్రి పదిమంది దాకా వెళ్ళిపోయారు,
తుపాకులతో సహా, గోడ రాసినవాళ్ళ దగ్గరికి.
యోబునీ పిలిచారు.
"వెళ్ళలేదండి.
నెలకి ఇరవై రూపాయల మనియార్డరు.
దాంతో మా చెల్లి మిషను బడికెళ్తందండి."

వంతెన దగ్గర ఒక కుర్రాడు, పదమూడేళ్ళుంటాయేమో.
వెదురు చెక్కి ఈటె చేసుకున్నాడు.
లారీకి అడ్డంగా నిలబడి
"కెలింగ్!" అని అరిచాడు.
కళింగం అన్న మాటే అట అది.
ఎప్పుడో మన రేవుల్లోంచి వెళ్ళిన ఓడల పేరు
వాళ్ళ నోట్లో అరిగి అరిగి అలా మిగిలింది,
రంగూన్లో మనం కోరంగీలమైనట్టు.

"బ్రేకు వేశానా అని అడక్కండి."

అడగలేదు.
వానకి వరండా చూరు కారుతోంది.
పక్క బల్ల మీద ఎవరిదో
ఇంటిపన్ను గొడవ.

నాలుగేళ్ళకి డచ్చోళ్ళు జెండా దించుకుపోయారు.
మనది అప్పటికే ఎగిరింది.
యోబు చేతికి రాజుగారి బొమ్మ ఉన్న పతకం,
మాజీ సైనికుడని ఎనభై సెంట్ల లంక భూమి.
భూమిని యాభైమూడు వరదలో గోదారి తీసుకుపోయింది.
పతకం ఉంది. చెల్లి టీచరైంది.
ఆ దేశం పేరు రేడియోలో వస్తే
లేచి బయటికెళ్తాడు.

"పింఛను రాదయ్యా దీనికి," అన్నాను.
"తెలుసండి.
ఇన్నేళ్ళలో ఈ ముక్క అడిగింది
ఈ కాయితం ఒక్కటేనండి."

రాశాను. ఎంత సన్నగా రాసినా
ఏడో గడి చాల్లేదు,
జావా, కాలవ, వెదురు
గీత దాటి ఎనిమిదో గడిలోకి పోయాయి.
అక్కడ అచ్చువేసి ఉంది:
అనుభవించిన శిక్ష.

కొట్టేసి కొత్త కాయితం మీద రాస్తానన్నాను.
"ఉండనివ్వండి," అన్నాడు,
చిల్లర లెక్కపెట్టి బల్ల మీద పెడుతూ.