వచ్చు

గౌలిగూడలో మెట్ల కింద గది.
బల్ల ఒకటి, కుర్చీలు రెండు.
కక్షిదారులు ఎక్కువైన రోజున మూడోది
పక్క హోటల్లో అడిగి తెచ్చేవాణ్ణి.
మురహరిరావు వకీలు సాబ్ ఫీజు కింద
జొన్నలు పుచ్చుకున్న రోజులవి.
ఆయన నల్లకోటు మోచేతుల దగ్గర గోధుమరంగుకు తిరిగింది.
మిసళ్ల మూట నా నెత్తి మీద,
నయాపూల్ దాటుతుంటే ఆయన ముందు, నేను వెనక,
కింద మూసీ ఉందో లేదో అన్నట్టు.

కౌలుదార్ల కేసులు గెలిచి గెలిచి
(ఓడినవే నాకు ఎక్కువ గుర్తు)
ఒక సాయంత్రం అన్నారు:
“వెంకోబా, చిల్లిగిన్నెకు ఎన్నాళ్లని మాట్లు వేద్దాం?
గిన్నెలు చేసే చోటికే పోదాం పద.”
జీపు అరువు, మైకు అరువు,
గెలుపొక్కటే సొంతం.

నాంపల్లిలో అసెంబ్లీ. నేను పైన గ్యాలరీలో.
కౌలు బిల్లు మీద రెండు గంటలు మాట్లాడారు,
నీళ్లు కూడా తాగలేదు.
గొడవంతా ఒక్క మాట దగ్గర.
భూమి కౌలుదారుకు ‘ఇవ్వవలెను’ అని ఆయన రాత.
‘ఇవ్వవచ్చును’ అనాలని సొంత పార్టీ దొరల పట్టు.
మాట మారితేనే బిల్లు, లేకుంటే బిల్లే లేదు.
రాత్రి పదకొండింటికి, లాబీలో, సిగరెట్ల పొగలో
కళ్లద్దాలు తీసి తుడిచారు,
తుడిచినవే మళ్లీ తుడిచారు.
“సరే. వచ్చు.”
ఇంగ్లీషులో అది మూడే అక్షరాలట.

రెండోసారి జనం ఓడించారు.
కొన్నాళ్లకు హైకోర్టు పిలిచింది.
వెండిదండం పట్టుకుని జమేదారు ముందు నడుస్తుంటే
వరండాలో నేను గోడవైపు జరిగేవాణ్ణి.
నాతో మాట్లాడటం మానేశారు.
మానెయ్యాలి కూడా, నాకిప్పుడు వేరే వకీలు.
ఒక్కసారి మాత్రం దాటిపోతూ దగ్గారు,
పొద్దున పేషీ ఉందని నన్ను నిద్రలేపే
ఆ పాత దగ్గు.

బాలనర్సమ్మది శంకర్‌పల్లి దిక్కు.
పదకొండు గుంటలు, ముప్పై ఏళ్ల కౌలు.
తహశీల్దారు ఇవ్వలేదు.
ఇవ్వవచ్చు కదా, ఇవ్వకనూ పోవచ్చు.
మిసల్ తిరిగి తిరిగి ఆయన బెంచి మీదికే వచ్చింది.

మా వకీలు చట్టం చదువుతున్నాడు.
ఆ మాట ఇంకా రెండు వరుసల దూరంలో ఉంది,
ఆయన చేయి లేచింది.
“ఈ మాట పడిన రాత్రి నేనక్కడ ఉన్నాను.
ఇది నేను వినకూడదు.”
అంతే. కళ్లద్దాలు తుడుచుకోలేదు.
తర్వాతి కేసు పిలిచారు.

వేరే బెంచి తప్పుగా ఏమీ చదవలేదు.
వచ్చు అంటే వచ్చే.
మూడు నెలలు వాయిదా, మూడు నిమిషాలు తీర్పు.

మదీనా చౌరస్తాలో ఆమెను బస్సెక్కించడానికి నిలబడ్డాను.
కొంగుముడి విప్పి చిల్లర లెక్కపెడుతూ అడిగింది:
“ఆ మొదటి జడ్జిదొర, చెయ్యెత్తినాయన,
మంచోడేనా?”
ఇరవై రెండేళ్లు ఆయన మూట మోసిన నోరు నాది.
“అనొచ్చు” అన్నాను.

ఆమె లెక్క ఆపి నా మొహం చూసింది.
“అనొచ్చునా?” అంది.
టికెట్టుకు పావలా తక్కువైంది.
నేనిచ్చాను.