ముడికి రూపాయిన్నర

సూది జానెడున్నర.
పరుపులు కుట్టేవాళ్ళ దగ్గర కూడా
అంత సూది చూడలేదు నేను.
"లేసు చేతులే కావాలి మార్తమ్మా" అన్నాడు నాగేశం,
మాధవాయిపాలెం రేవు పక్కన
బోటు ఇంజన్లు విప్పి బిగించే మనిషి.
"ముడికి రూపాయిన్నర. గుడ్డ నాది, దారం నాది."
దేనికంటే, రెక్కకి అన్నాడు.
కోడి రెక్కా, కొంగ రెక్కా అని అడగబోయి
షెడ్డులోకి తొంగిచూసి నోరు మూసుకున్నాను.

రెండు బల్లల మీద పడుకుని ఉంది,
పదిహేనడుగుల పొడుగున, ఒట్టి ఎముకలతో.

గుడ్డ పరిచాం, అంచులంటించాం.
అప్పుడు ఇస్త్రీపెట్టె తీశాడు.
చొక్కా ముడత పోవడం తెలుసు గాని
గుడ్డ తనంతట తను బిగుసుకోవడం
అదే చూడ్డం.
గోటితో మీటితే డప్పులా మోగింది.
పంటు ఎక్కబోతున్న జనం ఆగి ఇటు చూశారు,
ఎవరు పోయారా అని.

పైన నేను, కింద బుల్లెబ్బాయి.
సూది నా దగ్గర మునిగి వాడి దగ్గర తేలి
చెక్కబద్దని చుట్టుకుని మళ్ళీ నా వేలికొస్తుంది.
మైనం పట్టిన దారం, రెండంగుళాలకో ముడి.
లేసులో ఒక కన్ను జారితే బారంతా జారుతుంది.
ఇక్కడ అలా కుదరదు,
పక్కది తెగినా దేని ముడి అది పట్టుకోవాలి.
ముప్పై ఏళ్ళ అలవాటు
వేళ్ళు మర్చిపోడానికి వారం పట్టింది.

పూత వేసిన రోజు సముద్రపు గాలి తిరిగింది.
విరిగిన పాలలా తెల్లబారింది రెక్క.
గీకేశాం. ముసురు పోయి
చర్చికి క్రిస్మస్ స్టారు కట్టేదాకా ఆగి
మళ్ళీ పూశాం.

బరువు చూడ్డానికి
రొయ్యల కాటాలు మూడు తెచ్చాడు, చక్రానికొకటి.
మూడూ మూడు అబద్ధాలు చెప్పాయి.
బుల్లెబ్బాయిని ఒక్కోదాని మీదా నిలబెట్టి
ఏ అబద్ధం ఎంతో గోడ మీద రాసుకున్నాడు నాగేశం.

కాగితాలు వచ్చాయి, రావడానికి ఏడాది పట్టినా.
దాళ్వా కోసిన చేలో, ఎండెక్కక ముందు
లేచింది.
కొబ్బరిమట్టల ఎత్తు, అంతే. నలభై లెక్కపెట్టాను.
అందరూ చేతులూపుతూ పరిగెత్తారు.
నేను మాత్రం ఎడమరెక్క అడుగునే చూస్తున్నాను,
ఎక్కడైనా గుడ్డ లేస్తోందా అని.

ఎగిరింది నలభై అంకెలు.
కడగడం మాత్రం ప్రతి ఆదివారం, ప్రార్థన అయ్యాక.
ఉప్పుగాలి బోల్టుల్ని తినకుండా మంచినీళ్ళు,
నీళ్ళు నిలవకుండా పొడిగుడ్డ,
తోకలో ఎలుక పెట్టిన పీచు లాగడం.
వేగం చెప్పే సన్నగొట్టంలో
కుమ్మరిపురుగు మట్టిగూడు కట్టేస్తే
గుండుసూదితో తవ్వి తీసి
దానికో ఎర్రలేసు టోపీ అల్లాను.
దానికి కూలి అడగలేదు.

రెండో ఏడు, తొలకరి ముందు,
మీటుకుంటూ వస్తోంటే ఒకచోట
డప్పు పలకలేదు. బొద్దుగా, తడిగా ఏదో అంది.
నాగేశం చెవి ఆనించాడు.
చాలాసేపు ఆనించాడు.
బ్లేడు నా చేతికిచ్చి
"నీ కుట్టు, నువ్వే కొయ్యి" అన్నాడు.

కోశాను.
లోపల బద్దకీ బద్దకీ మధ్య జిగురు వదిలి
వెంట్రుకంత సందు.
అది చూసి ఆయన కూలబడిపోయాడు.
పక్క బద్ద మీద పెన్సిలు రాత చూసి నేను.
'శాంతమ్మ, ఆరొందల నలభై.'
కుట్టేరోజుల్లో మర్చిపోకూడదని రాసుకున్న బాకీ!
ఇంటి గోడలన్నీ వెతికాను దానికోసం.
అదేమో మట్టల ఎత్తుకి ఎగిరొచ్చి
ఇక్కడ కూర్చుంది.

చెక్క మార్చాడు. ఈసారి జిగురు ఆరడానికి
నాలుగు రోజులు ఎవర్నీ షెడ్డులో తుమ్మనివ్వలేదు.
నేను ముప్పైయెనిమిది ముడులు లెక్కకట్టి
రెండు రూపాయల చొప్పున చెప్పాను.
"మరి విప్పిన ముడులకి?" అన్నాడు ఎగతాళిగా.

వాటికీ, అన్నాను.