బిషా

నడినెత్తిన ఎండ. నైరుతి నుంచి కుసి గాలి
మొహాన ఉప్పు కొడుతోంది.
ఫాజా రేవులో బయల్దేరిన పడవ నిండా
మడకొయ్యలు, రెండు మేకలు, నేను.
చుక్కాని దగ్గర గొంతుక్కూచున్న లాలి
ఒక్క మాటే అన్నాడు: బిషా.

మనకి లాలి అంటే పసిబిడ్డని నిద్రపుచ్చే పాట.
ఈ లాలికి అరవై రెండేళ్లు,
పడవలో ఎవరికీ కునుకు పడనివ్వడు.

కోంబో అనే కుర్రాడు ఇసుక బస్తాల్ని
ఈ పక్క నుంచి ఆ పక్కకి ఈడ్చాడు.
తెరచాప ప్రాణం పోయినట్టు క్షణం వేలాడి
దబ్బున అటువైపు నిండింది.
మాతొందోని ఊరు అదుగో, కొబ్బరాకు కప్పులు కూడా కనిపిస్తున్నాయి.
పడవ ముక్కు మాత్రం మాండా మడ అడవి వైపు.

"ఊరు అటుంటే ఇటెందుకు?"
లాలి పలకలేదు.
చెప్పింది కోంబో, బస్తా మీద కూచుని పుల్లతో పళ్లు కుట్టుకుంటూ:
గాలికి అడ్డంగా అటు కొంత, ఇటు కొంత
కోసుకుంటూ పైకి పోవడం బిషా.
బళ్లో మాస్టారు లెక్క తప్పేస్తే
లేచి కాదనడం కూడా బిషానే,
దానికి రెండు బెత్తం దెబ్బలు.
"ఇంకోటుంది" అని లాలి వైపు చూసి ఊరుకున్నాడు.

నేను నా మాటల మూట విప్పుకున్నాను.
ఎదురుగాలి. ఎదురు చెప్పడం.
అక్కడిదాకా అతికింది.
మూడోది ఏమిటా అని పొద్దు వాలేదాకా ఎదురు చూశాను,
ఎదురు చూస్తున్నానని నాకే తెలీకుండా.

పదకొండు మలుపులు లెక్కపెట్టాను.
తర్వాత మేక నా చెప్పు నమలడంతో లెక్క తప్పింది.
లాలి చెయ్యి కర్ర మీద, తోసీ తొయ్యనట్టు.
చుక్కానిని వీళ్లు ఉసుకాని అంటారు.
ఏ అరబ్బు సరంగు
రెండు ఒడ్డుల్లోనూ ఈ సరుకు దింపిపోయాడో,
సుంకం ఎవరు కట్టారో.

మడకొయ్యల మీద పడుకుని కోంబో మిగతాది గొణిగాడు.
లాలి నాన్న పోతూ పోతూ
పడవ కొడుక్కి, తెరచాప కూతురు తిమాకి అన్నాడట.
అరుగు మీద పెద్దలు ఇద్దరికీ చెప్పారు: ఉసిబిషే, ఎదురాడకు.
ఇద్దరూ విన్నారు.
అంత బాగా విన్నారు కాబట్టి తొమ్మిదేళ్లుగా మాటల్లేవు.
లాలి పిండి సంచులు కుట్టి కొత్త చాప కట్టాడు,
ఇప్పటికీ దాని మీద మిల్లు పేరు సగం కనిపిస్తుంది.
తిమా పాత చాపని వాకిట్లో పందిరి వేసింది.

పాటు తగ్గిన బురదలో దిగాం.
మేకల్ని నాకొదిలి
లాలి మోకాళ్లదాకా మట్టితోనే నడిచాడు,
కొయ్యలు దించమని కూడా చెప్పకుండా.
మామిడి చెక్క తలుపు. పైన కట్టిన చాప
గాలికి లేస్తోంది, పోదామా అన్నట్టు.
మూడుసార్లు తట్టాడు. "హోదీ."

కోంబో నా మోచెయ్యి గిల్లాడు:
అదే. తలుపు తట్టడం. అదీ బిషానే.

లోపల గిన్నె కింద పెట్టిన చప్పుడు.
"ఎవరు?" అంది, గొంతు తెలిసీ.
"లాలిని."
"బిషాకి వచ్చావా?"
కొంచెం ఆలోచించాడు.
"అవును" అన్నాడు.
ఏ అర్థంలో తీసుకున్నా అబద్ధం కాదు.

లోపల్నుంచి ఎవరూ ఎదురు రాలేదు.
గడియ కదల్లేదు.
లాలి ఒక అడుగు ఎడమకి జరిగి
మళ్లీ తట్టాడు.